కందుకూరి వీరేశలింగం – స్త్రీవిద్యా పత్రికలు

కందుకూరి వీరేశలింగం పంతులు (ఏప్రిల్ 16, 1848 – మే 27, 1919) తెలుగు రచయిత, సంఘసంస్కర్త, పత్రికా సంపాదకుడు, ఉపాధ్యాయుడు. వితంతు వివాహాలు జరిపించిన వ్యక్తిగా, రాజశేఖర చరిత్రము రాసిన రచయితగా ఈయన తెలుగువారందరికీ సుపరిచితుడు. పందొమ్మిదవ శతాబ్దంలో పత్రికను స్త్రీవిద్యకు సాధనంగా మలచుకున్న తెలుగువారిలో కూడా ఈయన అగ్రగణ్యుడు. 1874లో ప్రారంభించిన వివేకవర్ధని ద్వారా స్త్రీలు చదువుకోవాలని పురుషులతో వాదించాడు. 1883లో ప్రారంభించిన సతీహితబోధిని ద్వారా నేరుగా స్త్రీలకే పాఠాలు చెప్పాడు. ఈ రెండు పనులకూ ఉన్న తేడాను గమనిస్తే ఆయన పత్రికా జీవితం చక్కగా అర్థమవుతుంది.

బాల్యం, విద్య

వీరేశలింగం రాజమండ్రిలో జన్మించాడు. తల్లి పూర్ణమ్మ, తండ్రి సుబ్బారాయుడు. వీరి పూర్వీకులు ఇప్పటి ప్రకాశం ప్రాంతంలోని కందుకూరు నుండి వలస వచ్చినందున ఇంటిపేరు కందుకూరి అయింది. పసితనంలోనే మశూచి సోకింది. నాలుగేళ్ళ వయసులో తండ్రి మరణించగా పెదనాన్న వెంకటరత్నం పెంపకంలో పెరిగాడు. వీధిబడిలో పద్యాలు, శతకాలు నేర్చుకొని, తరువాత ఆంగ్ల పాఠశాలలో చేరాడు. విద్యార్థి దశలోనే బ్రహ్మసమాజ భావాలు ఆయనను ఆకర్షించాయి.

1861లో, తన పదమూడవ ఏట, బాపమ్మ అనే బాలికతో వివాహం జరిగింది. ఆమె 1851లో కంతేరులో జన్మించింది. రాజ్యలక్ష్మి అన్న పేరుతో తెలుగువారికి తెలిసినది ఈమే. ఆనాటి ఆచారం ప్రకారం ఇది బాల్యవివాహమే. తరువాతి కాలంలో బాల్యవివాహాలను ఖండించిన వ్యక్తి స్వయంగా ఆ ఆచారం నుండే వచ్చాడు. భార్యకు చదువు చెప్పే పని కూడా ఇంట్లోనే మొదలైంది. స్త్రీవిద్య ఆయనకు గ్రంథాలలో చదివిన సిద్ధాంతం మాత్రమే కాదు, తన ఇంటిలో ప్రయత్నించి చూసిన సంగతి.

చదువు ముగిశాక ప్రభుత్వోద్యోగానికి ప్రయత్నించి, లంచం ఇవ్వనిదే పని జరగదని తెలిసి ఆ ఆలోచన మానుకున్నాడు. న్యాయవాద వృత్తిలోనూ అసత్యం తప్పదని భావించి దానినీ వదులుకున్నాడు. చివరకు ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించాడు. 1872లో కోరంగిలోను, 1874లో ధవళేశ్వరంలోను ప్రధానోపాధ్యాయుడుగా పనిచేశాడు. 1876లో రాజమండ్రి ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుడుగా చేరి రెండు దశాబ్దాలకు పైగా అక్కడే కొనసాగాడు. ఆయన నడిపిన పత్రికలలో ఉపాధ్యాయుని పద్ధతి అడుగడుగునా కనిపిస్తుంది. చెప్పిన విషయాన్నే మళ్ళీ మళ్ళీ చెప్పడం, కథతో మొదలుపెట్టి నీతితో ముగించడం, తప్పు చేసినవారిని నిలదీయడం వంటివన్నీ తరగతి గది అలవాట్లే.

ఆనాటి స్త్రీవిద్య స్థితి

భారతదేశంలో బాలికల చదువుకు ఆధునిక ప్రయత్నాలు పందొమ్మిదవ శతాబ్దం నడిమి కాలానికి ఊపందుకున్నాయి. వీరేశలింగం జన్మించిన 1848లోనే పూణేలో జోతీరావు ఫూలే, సావిత్రీబాయి దంపతులు బాలికల పాఠశాల ప్రారంభించారు. మరుసటి సంవత్సరం కలకత్తాలో బెథూన్ పాఠశాల వెలిసింది. తెలుగునాట క్రైస్తవ మిషనరీలు కొన్ని బాలికా పాఠశాలలు నడిపారు. తెలుగువారిలో సామినేని ముద్దునరసింహం నాయుడు తన హితసూచని (1862లో ప్రచురణ) గ్రంథంలో స్త్రీల చదువును సమర్థించాడు. అయినా అగ్రవర్ణాల ఇళ్ళలో ఆడపిల్లకు అక్షరాలు నేర్పితే అరిష్టమనే నమ్మకం బలంగా ఉండేది.

నమ్మకం ఒక అడ్డంకి అయితే, వయసు మరొక అడ్డంకి. పదేళ్ళు నిండక ముందే పెళ్ళి అయ్యేది. రజస్వల అయిన తరువాత పిల్లను బడికి పంపడం ఎవరికీ ఊహకు అందని విషయం. అంటే బాలిక బడిలో గడపగలిగినది మూడు నాలుగేళ్ళు మాత్రమే. ఆ కాలంలో నేర్చిన అక్షరాలు కూడా తరువాత చదవడానికి ఏమీ లేకపోతే మరుగున పడిపోయేవి. 1901 జనాభా లెక్కల నాటికి కూడా దేశం మొత్తం మీద వెయ్యిమంది స్త్రీలలో చదవను, రాయను వచ్చినవారు ఏడుగురే. ఈ పరిస్థితిలో పాఠశాల ఒక్కటే చాలదు. గడప దాటలేని స్త్రీ వద్దకు గడప దాటి వెళ్ళగలిగిన సాధనం కావాలి. ఆ సాధనం పత్రిక.

బెంగాలులో ఈ ఆలోచన ముందే ఆచరణలోకి వచ్చింది. 1863లో బ్రహ్మసమాజానికి చెందిన ఉమేశ్‌చంద్ర దత్త స్త్రీల కోసం బామాబోధినీ పత్రికను ప్రారంభించాడు. తెలుగులో అప్పటికి పత్రికలు ఉన్నా అవి స్త్రీలను పాఠకులుగా తలచినవి కావు. 1835లో బళ్ళారి నుండి వచ్చిన సత్యదూత క్రైస్తవ మత ప్రచారానికి ఉద్దేశించినది. 1838లో మద్రాసు నుండి వృత్తాంతి, 1842లో వర్తమాన తరంగిణి వెలువడ్డాయి. 1872లో మచిలీపట్నం నుండి వచ్చిన పురుషార్థ ప్రదాయిని సంస్కరణ భావాలకు చోటిచ్చింది.

వివేకవర్ధని

తెలుగులో స్త్రీవిద్యపై పెద్ద చర్చ పత్రికలలోనే జరిగింది. 1871లో మద్రాసు నుండి కొక్కొండ వెంకటరత్నం పంతులు ఆంధ్రభాషా సంజీవని ప్రారంభించాడు. ఈయన గొప్ప పండితుడు, తరువాతి కాలంలో మహామహోపాధ్యాయ బిరుదు పొందినవాడు. స్త్రీవిద్య పూర్వాచారానికి విరుద్ధమని ఈయన వాదించాడు. కోరంగిలో ఉన్న యువ ఉపాధ్యాయుడు వీరేశలింగం దీనికి సమాధానంగా పురుషార్థ ప్రదాయినికి వ్యాసాలు పంపాడు. ప్రతిసారీ మరొకరి పత్రికపై ఆధారపడడం కన్నా సొంత పత్రిక ఉండడం మేలని ఆయనకు ఈ చర్చ వలననే తోచింది.

1874 ఆయన జీవితంలో ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏడు సెప్టెంబరులో ధవళేశ్వరంలో బాలికల పాఠశాలను ప్రారంభించాడు. మరుసటి నెల అక్టోబరులో వివేకవర్ధని మాసపత్రికను ప్రారంభించాడు. ఈ రెండూ వెంటవెంటనే జరగడం కాకతాళీయం కాదు. బడికి పిల్లలు రావాలంటే ముందుగా తండ్రుల మనసు మారాలి. బడి కూతుళ్ళ కోసం, పత్రిక తండ్రుల కోసం.

వివేకవర్ధని మొదట్లో మద్రాసులో అచ్చయ్యేది. అప్పటికి రాజమండ్రికి రైలు రాలేదు. రాతప్రతులు అంత దూరం పంపి, అచ్చయిన సంచికలు తిరిగి తెప్పించుకోవలసి వచ్చేది. ఈ ఇబ్బంది తొలగించడానికి మిత్రులతో కలిసి 1875లో రాజమండ్రిలోనే ముద్రాక్షరశాల స్థాపించాడు. పత్రిక క్రమంగా పక్షపత్రికగాను, తరువాత వారపత్రికగాను మారింది. కొన్ని పుటలు ఇంగ్లీషులో కూడా ఉండేవి. న్యాయస్థానాలలోను, ఇతర కచ్చేరీలలోను సాగే లంచగొండితనం, వేశ్యావృత్తి, భోగం మేళాలు, బాల్యవివాహాలు, కన్యాశుల్కం, మూఢనమ్మకాలు ఈ పత్రిక దాడికి గురైన అంశాలు. వీటితో పాటు స్త్రీవిద్యను సమర్థించే వ్యాసాలు తరచుగా వచ్చేవి.

ఈ వ్యాసాలలో వీరేశలింగం వాదన రెండు విధాలుగా సాగింది. మొదటిది శాస్త్రాన్ని ఆశ్రయించినది. పూర్వకాలంలో విద్యావతులైన స్త్రీలు ఉన్నారని, స్త్రీ చదవరాదనే నిషేధం తరువాత వచ్చిన దురాచారమని పురాణ గ్రంథాల నుండే చూపించాడు. రెండవది గృహజీవనాన్ని ఆశ్రయించినది. చదువురాని తల్లి పిల్లలకు ఏమీ నేర్పలేదని, మూఢనమ్మకాలకు లోనై వంచకుల పాలవుతుందని, భర్త ఆలోచనలలో పాలు పంచుకోలేదని వివరించాడు. ఈ రెండు వాదాలూ పురుషులను ఒప్పించడానికి ఉద్దేశించినవి. చదువు స్త్రీకి స్వయంగా గల హక్కు అనే మాట వీటిలో అంత గట్టిగా వినబడదు.

వివేకవర్ధనికి అనుబంధంగా 1876లో హాస్యసంజీవని వెలువడింది. తెలుగులో హాస్యానికి ప్రత్యేకించిన తొలి పత్రికగా దీనిని చెబుతారు. కొక్కొండ వారు హాస్యవర్ధని అనే పత్రికను నడపగా దానికి పోటీగా ఇది పుట్టింది. ఒకరి ప్రధాన పత్రిక పేరులోని మాటను మరొకరు తమ హాస్యపత్రికకు పెట్టుకోవడం ఆనాటి పాఠకులకు వినోదం కలిగించి ఉంటుంది. వీరేశలింగం ప్రహసనాలు పలు ఈ పత్రికలో వచ్చాయి. ముసలివాడు డబ్బు పోసి పసిపిల్లను పెళ్ళాడడాన్ని ఎగతాళి చేసే బ్రాహ్మవివాహము (పెద్దయ్యగారి పెళ్ళి) వాటిలో ప్రసిద్ధమైనది. పాత్రలు ఇంట్లో మాట్లాడుకునే భాషలోనే మాట్లాడడం వలన ఇవి చదివి వినిపించుకోవడానికి అనువుగా ఉండేవి.

1878లో వివేకవర్ధనిలో ధారావాహికగా వచ్చిన రాజశేఖర చరిత్రము 1880లో పుస్తకరూపం దాల్చింది. దీనికి ఆంగ్ల రచయిత ఆలివర్ గోల్డ్‌స్మిత్ నవల ప్రేరణ. తెలుగులో తొలి నవల ఇదా, లేక నరహరి గోపాలకృష్ణమ చెట్టి 1872లో ప్రచురించిన శ్రీరంగరాజ చరిత్రమా అన్న చర్చ సాహిత్య చరిత్రకారులలో ఉంది.

వితంతు వివాహాలు

పత్రికలో రాసిన మాటకు జీవితంలో మూల్యం చెల్లించవలసి వచ్చిన సందర్భం వితంతు వివాహాలది. 1856లోనే హిందూ వితంతు పునర్వివాహ చట్టం వచ్చినా తెలుగునాట దానిని ఆచరణలో పెట్టినవారు అరుదు. 1879 ఆగస్టులో వీరేశలింగం ఈ విషయమై రాజమండ్రిలో బహిరంగ ఉపన్యాసం ఇచ్చాడు. పండితులు ఖండించగా వారికి పత్రికలోను, సభలోను సమాధానం చెప్పాడు. 1881 డిసెంబరు 11న తన ఇంటిలో మొదటి వితంతు వివాహం జరిపించాడు. వధువు గౌరమ్మ, వరుడు గోగులపాటి శ్రీరాములు. కాకినాడకు చెందిన పైడా రామకృష్ణయ్య ధనసహాయం చేశాడు.

పెళ్ళికి వచ్చినవారిని, సహకరించినవారిని కులం నుండి వెలివేశారు. వంటవారు, నీళ్ళు మోసేవారు పని మానివేశారు. రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరి నుండి నీళ్ళు తెచ్చి పెళ్ళివారికి వంట చేసింది. కొందరు మిత్రులు భయపడి ప్రాయశ్చిత్తం చేసుకొని వెనుకకు తగ్గారు. ఈ దంపతులు మాత్రం తగ్గలేదు. వీరేశలింగం తన జీవితకాలంలో దాదాపు నలభై వితంతు వివాహాలు జరిపించాడు. వితంతువులకు శరణాలయాలు స్థాపించి వారికి చదువు చెప్పించాడు. ఈ శరణాలయాల నిర్వహణలో రాజ్యలక్ష్మమ్మ పాత్ర గొప్పది. అప్పటివరకు కాగితం మీద సాగిన వాదం ఆమె వంటింటిలో నిజమైంది.

సతీహితబోధిని

వివేకవర్ధని ప్రారంభించిన తొమ్మిదేళ్ళకు, 1883లో, వీరేశలింగం సతీహితబోధిని అనే మాసపత్రికను ప్రారంభించాడు. స్త్రీల కోసమే వెలువడిన తొలి తెలుగు పత్రికగా పలువురు దీనిని పరిగణిస్తారు. వివేకవర్ధని స్త్రీల గురించి పురుషులతో మాట్లాడింది. సతీహితబోధిని స్త్రీలతోనే మాట్లాడింది. తెలుగు పత్రికల చరిత్రలో ఇది పెద్ద మార్పు.

ఈ పత్రికలోని విషయాలను స్థూలంగా నాలుగు విధాలుగా చెప్పవచ్చు.

1. కథలు: విద్యావతి అయిన ఇల్లాలి వలన కుటుంబానికి కలిగే మేలును చూపే సత్యవతీ చరిత్రము, హరిశ్చంద్రుని భార్య కథను స్త్రీల కోసం వచనంలో చెప్పిన చంద్రమతీ చరిత్రము ఈ కాలపు రచనలు.

2. జీవితచరిత్రలు: పురాణాలలోని పతివ్రతల కథలు, ఉత్తమ స్త్రీల జీవితాలు.

3. శరీరం, ఆరోగ్యం: శుభ్రత, ఆహారం, గాలి, వెలుతురు వంటి విషయాలు. మంత్రాలకు, దయ్యాల భయానికి బదులు దేహధర్మాలను తెలుసుకోవాలన్నది వీటి సారాంశం.

4. నీతి: గృహనిర్వహణ, పొదుపు, పిల్లల పెంపకం, సత్యసంధత.

భాష విషయంలో కూడా వీరేశలింగం తనను తాను దిద్దుకున్నాడు. తొలినాళ్ళలో ఆయనది కఠినమైన గ్రాంథికం. పెదవులు తగలని అక్షరాలతో అచ్చతెనుగులో నైషధ కావ్యం రాసినంతటి పాండిత్య వ్యామోహం ఆయనది. చిన్నయసూరి మార్గంలో విగ్రహము, సంధి రాశాడు. కాని కొద్దిగా చదువు వచ్చిన స్త్రీకి అర్థం కావాలంటే ఆ భాష పనికిరాదు. అందువలన చిన్న వాక్యాలు, తెలిసిన మాటలు, సులభమైన సంధులతో వచనం రాయడం అలవరచుకున్నాడు. గద్యతిక్కన అని ఆయనకు వచ్చిన పేరుకు ఈ సరళ వచనమే కారణం. ఆ సరళతకు గల కారణాలలో ఆయన తలచుకున్న స్త్రీ పాఠకులు కూడా ఉన్నారు. జీవితాంతంలో, 1919 ఫిబ్రవరిలో రాజమండ్రిలో ఏర్పడిన వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షుడుగా ఉండడానికి అంగీకరించడం ఈ మార్పుకు ముగింపు వంటిది.

పరిమితులు

సతీహితబోధిని పేరులోనే దాని పరిధి తెలుస్తుంది. అది సతులకు హితవు చెప్పే పత్రిక. స్త్రీని మంచి భార్యగా, మంచి తల్లిగా తీర్చిదిద్దడం దాని ఆశయం. చదివిన స్త్రీ ఉద్యోగం చేయాలని గాని, ఆస్తిలో భాగం కోరాలని గాని అది చెప్పలేదు. రాసేది పురుషుడు, చదివేది స్త్రీ. ఉపాధ్యాయుడు చెబుతుంటే శిష్యురాలు వినడమే గాని తిరిగి ప్రశ్నించే అవకాశం తక్కువ. తరువాతి కాలపు పరిశోధకులు, ముఖ్యంగా స్త్రీవాద విమర్శకులు, ఈ విషయాన్ని ఎత్తిచూపారు.

మరొక పరిమితి పాఠకుల సంఖ్య. చందా కట్టగలిగినది పురుషుడే గనుక భర్తో, అన్నో, తండ్రో ఇష్టపడితే తప్ప పత్రిక స్త్రీ చేతికి చేరేది కాదు. చదువుకున్న అగ్రవర్ణ కుటుంబాలకు వెలుపల ఉన్న స్త్రీలను ఇది చాలావరకు తాకలేదు. పొలంలో పనిచేసే స్త్రీకి ఈ పత్రిక ఉన్నట్లే తెలిసి ఉండదు.

అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అక్షరం నేర్పినవాడు ఆ అక్షరంతో ఏమి చదవాలో, ఏమి రాయాలో ఎల్లకాలం నిర్ణయించలేడు. తరువాతి ఇరవై ఏళ్ళలో జరిగినది అదే.

తరువాతి స్త్రీల పత్రికలు

1891లో న్యాపతి సుబ్బారావు పూనికతో చింతామణి మాసపత్రిక వెలువడింది. వీరేశలింగం దీని సంపాదకత్వం వహించాడు. నవలల పోటీలు నిర్వహించి నవలా రచనను ఈ పత్రిక ప్రోత్సహించింది. 1890లలో రాయసం వెంకటశివుడు తెలుగు జనానా పత్రికను నడిపాడు. ఈయన వీరేశలింగానికి శిష్యుడు. 1902లో సత్తిరాజు సీతారామయ్య హిందూసుందరి ప్రారంభించాడు. మొసలికంటి రమాబాయమ్మ, శాంతాబాయి దీనికి సంపాదకులుగా పనిచేశారు. ఈ విధంగా స్త్రీలు పాఠకుల స్థానం నుండి సంపాదకుల స్థానానికి వచ్చారు.

ఈ మార్పుకు చక్కని ఉదాహరణ భండారు అచ్చమాంబ. ఆమె వివేకవర్ధని ప్రారంభమైన 1874లోనే జన్మించింది. బడికి వెళ్ళలేదు. చిన్నతనంలోనే పెళ్ళి జరిగింది. తమ్ముడు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు చదువుకుంటుండగా అతనితో పాటు ఇంటివద్దనే తెలుగు, హిందీ నేర్చుకుంది. 1901లో అబలా సచ్చరిత్ర రత్నమాల పేరుతో విదుషీమణుల జీవితచరిత్రలు ప్రచురించింది. స్త్రీలు బుద్ధిలో, ధైర్యంలో పురుషులకు తీసిపోరని నిరూపించడం ఆమె ఉద్దేశం. 1902లో హిందూసుందరిలో ధనత్రయోదశి, స్త్రీవిద్య వంటి కథలు రాసింది. అదే సంవత్సరం ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం స్థాపించింది. 1905లో ముప్పై ఏళ్ళకే మరణించింది. స్త్రీల జీవితచరిత్రలు వీరేశలింగం పత్రిక అలవాటు చేసిన ప్రక్రియే. అచ్చమాంబ దానిని స్వీకరించి, హితబోధకు బదులు సమానత్వ వాదానికి ఉపయోగించింది.

స్త్రీలందరూ వీరేశలింగం దారిలో నడిచారనుకోవడం పొరపాటు. కాకినాడ నుండి వచ్చిన సావిత్రి పత్రికకు సంపాదకురాలైన పులుగుర్త లక్ష్మీనరసమాంబ స్త్రీవిద్యను సమర్థిస్తూనే వితంతు వివాహాలను వ్యతిరేకించింది. ఆయన శిష్యురాలైన కొటికలపూడి సీతమ్మ సంస్కరణ పక్షాన నిలిచింది. స్త్రీవిద్య కూడదన్న వాదానికి 1870లలో ఇద్దరు పురుషులు పత్రికలలో తలపడ్డారు. మూడు దశాబ్దాల తరువాత సంస్కరణ ఎంతవరకు అన్న విషయంపై స్త్రీలే పత్రికలలో వాదించుకున్నారు. స్త్రీవిద్యకు ఇంతకన్నా మంచి సాక్ష్యం అవసరం లేదు.

చివరి రోజులు

1893లో ప్రభుత్వం వీరేశలింగానికి రావుబహదూర్ బిరుదునిచ్చింది. 1898లో మద్రాసులో జరిగిన భారత సంఘసంస్కరణ మహాసభకు అధ్యక్షత వహించాడు. కొంతకాలం మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడుగా పనిచేసి, తిరిగి రాజమండ్రి చేరాడు. 1905లో సత్యవాదిని పత్రికను ప్రారంభించాడు. 1906లో హితకారిణీ సమాజాన్ని స్థాపించి తన ఆస్తినంతా దానికి ఇచ్చివేశాడు. పాఠశాల, వితంతు శరణాలయం ఈ సమాజం ఆధ్వర్యంలోకి వచ్చాయి. 1910లో రాజ్యలక్ష్మమ్మ మరణించింది. వీరికి సంతానం లేదు. స్వీయచరిత్రను రెండు సంపుటాలుగా ప్రచురించిన వీరేశలింగం, ఆంధ్ర కవుల చరిత్రను సవరించే పనిలో ఉండగా 1919 మే 27న మద్రాసులో మరణించాడు.

వీరేశలింగం ప్రారంభించిన, సంపాదకత్వం వహించిన పత్రికలు

- వివేకవర్ధని (1874)
- హాస్యసంజీవని (1876)
- సతీహితబోధిని (1883)
- చింతామణి (1891)
- సత్యసంవర్ధని (1891)
- సత్యవాదిని (1905)

వీటిలో సతీహితబోధిని పేరు నేడు తక్కువమందికి గుర్తుంది. పెద్ద వివాదాలకు, కోర్టు వ్యవహారాలకు వేదికైన వివేకవర్ధనికి ఉన్నంత ప్రసిద్ధి దానికి లేదు. అయినా బడి ముఖం చూడని, లేదా మూడేళ్ళకే బడి మానిన స్త్రీకి చదువును ఇంటికి చేర్చాలన్న ఆలోచన తెలుగులో మాసపత్రిక రూపం పొందినది అక్కడే. దాని తరువాత వచ్చిన తెలుగు జనానా, హిందూసుందరి, సావిత్రి పత్రికలు ఆ బాటలో సాగినవే.